మూడు కార్డ్స్, రెండు పుల్లలు

ముందే ఒక మాట. నాది నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఈ వ్యాసంలో అచ్చుతప్పులు ఉంటే ఎడిటర్ అక్క చూసుకుంటుంది. విషయం మాత్రం చాలా రోజుల నుంచి బుర్రలో తిరుగుతోంది. పంక్ మ్యూజిక్ అంటే ఏంటి, అలాంటిది మన దగ్గర ఉందా?

పంక్ 1970ల మధ్యలో న్యూయార్క్, లండన్‌లలో మొదలైంది. అప్పటికే రాక్ అంటే పెద్ద స్టేడియాలు, పది నిమిషాల గిటార్ సోలోలు. పనిలేక వీధుల్లో తిరిగే కుర్రాళ్ళకి అందే వ్యవహారం కాదు. వాళ్ళు మూడు కార్డ్స్ నేర్చుకుని (గిటార్ మీద కలిపి మోగించే స్వరాలు, ఏటీఎం కార్డు కాదు) బ్యాండ్ పెట్టేశారు. 1976లో వచ్చిన రామోన్స్ మొదటి ఆల్బమ్‌లో 14 పాటలు ఉంటాయి, అన్నీ కలిపినా అరగంట దాటదు. పత్రికలు కూడా వాళ్ళే జిరాక్స్ తీసి పంచుకున్నారు. రానివాడు కూడా పాడొచ్చు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. పంక్ అంటే ఇంతే.

లండన్‌లో అది కొన్నాళ్ళకి ఫ్యాషన్ అయిపోయింది. పేద దేశాలకి వెళ్ళాక మాత్రం ధర పెరిగింది. ఇండోనేషియాలోని ఆచేలో 2011 డిసెంబర్‌లో ఒక పంక్ కచేరీ మీద పోలీసులు పడి 60 మందికి పైగా పట్టుకుపోయారు. గుండ్లు గీసి, చెరువులో ముంచి, పది రోజులు 'క్రమశిక్షణ' నేర్పారు. అదే దేశంలో 2025 ఫిబ్రవరిలో సుకతాని అనే ఇద్దరి బ్యాండ్ పోలీసుల లంచాల మీద పాట పాడినందుకు, ముసుగులు తీసి కెమెరా ముందు క్షమాపణ చెప్పి పాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఊరేగింపుల్లో జనం ఆ పాటే పాడారు. బర్మాలో రెబెల్ రయట్ అనే బ్యాండ్ 2007 తిరుగుబాటు తర్వాత పుట్టింది.

ఇవన్నీ యూట్యూబ్‌లో చూసి మా పెద్దబాపుకి చూపించాను. ఆయన రెండు నిమిషాలు చూసి, "గిదేందిరా, మన ధూంధాం లెక్కనే ఉన్నది" అన్నాడు. నేను నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది.

తెలంగాణ ధూంధాం 2002లో కామారెడ్డిలో మొదలైంది. దాన్ని ఊరూరా నడిపినవాళ్ళలో ముఖ్యుడు రసమయి బాలకిషన్‌ది మన సిద్దిపేట పక్కనే ఉన్న రావురూకుల. ఇంకొంచెం వెనక్కి వెళ్తే 1970లలో జననాట్యమండలి, గద్దర్. ఆయన తూప్రాన్‌లో పుట్టాడు, అంటే మనకి బస్సులో పోయేంత దూరం. ఇంజనీరింగ్‌లో చేరి, బ్యాంకు ఉద్యోగం చేసి, 1984లో దాన్నీ వదిలేశాడు. గోచి, గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకి గజ్జెలు. పంక్ వాళ్ళ చిరిగిన జీన్స్ దీని ముందు చిన్నపిల్లల వేషం. 1997 ఏప్రిల్‌లో ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా 2023లో చనిపోయేదాకా ఒంట్లోనే ఉండిపోయింది.

ఆ పాట పని చేసే తీరు సీఎస్ఈ వాళ్ళకి ఈజీగా అర్థమవుతుంది. నాట్లప్పుడు పాడేదో, ఒగ్గుకథలోదో, జనానికి ముందే తెలిసిన ఒక బాణీ తీసుకుంటారు. మాటలు మార్చేస్తారు. ఓపెన్ సోర్స్ కోడ్‌ని ఫోర్క్ చేసినట్టే. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు వంత పాడతారు. పల్లవి చిన్నగా ఉంటుంది. పెద్దబాపు మాటల్లో, "నేర్చుకునుడేముంది బిడ్డా, రెండోసారి పల్లవి వచ్చేసరికి నోట్ల ఉంటది." మైకు పోయినా పాట ఆగదు. పంక్‌లో మూడు కార్డ్స్ చేసిన పని ఇక్కడ డప్పు చేస్తుంది. చెక్క చట్రం మీద బిగించిన తోలు, మంట దగ్గర వేడి చేస్తే గట్టిగా మోగుతుంది. కుడిచేతిలో లావు సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. అంతే సామాను.

కానీ ఒకచోట పోలిక తెగిపోతుంది. లండన్ కుర్రాడు వెలివేసినట్టు కనపడాలని తానే పిన్నులు గుచ్చుకున్నాడు, ఇంటికెళ్ళి తీసేయొచ్చు. డప్పు కొట్టేవాళ్ళని ఊరే బయట పెట్టింది. చావుకి, జాతరకి, చాటింపుకి డప్పు కావాలి, కొట్టేవాడు మాత్రం గడప దాటకూడదు. ఆ డప్పునే స్టేజి మధ్యలోకి తేవడం నా దృష్టిలో ఏ పంక్ బ్యాండూ చేయనంత పెద్ద పని. పూర్తయిందని మాత్రం అనలేను. నేను చూసిన కాలేజీ ఫెస్టుల్లో డప్పు చీఫ్ గెస్ట్‌ని గేటు నుంచి స్టేజి మెట్ల దాకా తీసుకొస్తుంది. మెట్ల పైన గిటార్ ఉంటుంది. నేనూ ఆ గిటార్ వైపే కూర్చుని చప్పట్లు కొట్టాను.

ఇంకో ప్రశ్న నన్ను వదలడం లేదు. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి దాదాపు 550 మంది కళాకారులకి ఉద్యోగాలిచ్చారు. రసమయి దానికి చైర్మన్, ఎమ్మెల్యే కూడా అయ్యాడు. ప్రభుత్వాన్ని అడిగిన గొంతులే ప్రభుత్వ పథకాల గురించి పాడాయి. లండన్‌లో పంక్‌కి 40 ఏళ్ళని అధికారికంగా పండగ చేస్తుంటే, సెక్స్ పిస్టల్స్ మేనేజర్ కొడుకు జో కోరే కోపంతో 2016 నవంబర్‌లో తన దగ్గరున్న పంక్ వస్తువులన్నీ థేమ్స్ నది మీద తగలబెట్టాడు. వాటి విలువ 50 లక్షల పౌండ్లని చెప్పాడు. తల్లిదండ్రులు సంపాదించి పెట్టినవాడికి అది కుదురుతుంది. పాటకోసం చదువు, పొలం వదిలేసినవాడికి నెల జీతం వస్తుంటే వద్దనమని చెప్పడానికి నేనెవర్ని? పెద్దబాపుని అడిగితే, "జీతం తీసుకోని, తప్పేంది? కానీ ఇప్పుడు అడిగే పాట ఎవడు పాడాలె?" అన్నాడు. జవాబు నాకూ తెలియలేదు.

ఆయన బీరువాలో పాత ధూంధాం క్యాసెట్లు రెండు దొరికాయి. లేబుల్ మీద రాత వెలిసిపోయింది, ప్లేయర్ ఎప్పుడో పాడైంది. మీ ఇంట్లో పనిచేసే టేప్ రికార్డర్ ఉంటే చెప్పండి. ఒక కేబుల్ తెచ్చుకుని వచ్చి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంటాను. టేపు తెగిపోకముందే.