యార్డుకు బండి కదలక మునుపు: పికప్ స్టీరింగు నూనె మార్పిడి

మాఘము ప్రవేశించినది. పల్నాటి నల్లరేగడి చేలలో మిరపకోత సాగుచున్నది, కల్లములలో కాయలు ఎండుచున్నవి. కొలది దినములలో ఆ కాయల బస్తాలు, అనగా టిక్కీలు, గుంటూరు యార్డునకును, ఖమ్మము, వరంగల్లు మార్కెట్లకును తరలవలసియున్నవి. వాని వెనుక దుగ్గిరాలకు, నిజామాబాదునకు పసుపు, ఆపైని నూజివీటి తోటల మామిడి. ఈ నాలుగు నెలలును మన పికప్ బండికి విశ్రాంతి యుండదు. సంతకు పోవు ముందునాటి సాయంకాలము చక్రము ఊడదీసి ఇరుసునకు కందెన పెట్టినగాని మన పెద్దలు నిద్రించెడివారు కారు. ఎడ్ల స్థానమున ఇంజను వచ్చినను ఆ నియమము మారలేదు. అయినను, ఇంజను నూనెను వేళకు మార్పించు శ్రద్ధావంతులైన కర్షకులు సైతము పవర్ స్టీరింగు నూనెను బండి కొన్ననాటినుండియు ముట్టకుండుట తఱచు చూచుచున్నాను. కావున ఈ మాసపు సలహాను దానికే కేటాయించితిని.

ఈ ఉపేక్షకు నేనును మూల్యము చెల్లించినవాడనే. ఒక కోతకాలమున టిక్కీలు నింపిన మా బండి కాలువకట్టపై మలుపు తిరుగుచుండగా స్టీరింగు ఒక్కసారిగా బిగిసినది. చక్రమును తిప్పినపుడెల్ల పంపు మూలుగుచున్నదని మూడు దినములనుండి వినుచునే యుంటిని. కోత తొందరలో పెడచెవిని పెట్టితిని. మూత తీసి చూడగా నూనె అడుగంటి, మిగిలిన కొంచెమును కాఫీ డికాక్షనువలె నల్లబడి మాడువాసన కొట్టుచుండెను. నూనె ఖర్చుతో పోవలసినది పంపు ఖర్చుతో ముగిసినది.

ఇంతకు ఈ నూనె చేయు పని యేమి? బెల్టు ద్వారా ఇంజను ఒక పంపును త్రిప్పును. పంపు నూనెను ఒత్తిడితో స్టీరింగు గేరుబాక్సులోనికి నెట్టును. ఆ ఒత్తిడియే మన చేతి బలమునకు తోడై ముందుచక్రములను మరల్చును. మూసియుంచిన ద్రవముపై కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నిరూపించిన సూత్రమే ఇది. ట్రాక్టరు వెనుక నాగలిని పైకెత్తు హైడ్రాలిక్ చేతులును దీనిపైననే పనిచేయును. బలమును మోయుటయేగాక పంపునకు కందెనయు ఈ నూనెయే. ఏండ్ల తరబడి వేడికి మాగి, అరిగిన లోహపు పొడిని, రబ్బరు నలుసులను కలుపుకొన్న నూనె ఈ రెండు పనులకును చాలదు.

పరీక్ష. ఇంజను ఆపి, స్టీరింగు నూనెడబ్బా మూత చుట్టునున్న దుమ్మును తుడిచి, ఆ డబ్బాలోని నూనెను ఒక చుక్క తెల్లని గుడ్డపై వేసి చూడుడు. ఎఱ్ఱనై తేటగా వ్యాపించినచో మేలు. నల్లనై నడుమ మడ్డి నిలిచినచో మార్చవలయును. కొన్ని క్రొత్త బండ్లలో స్టీరింగునకు విద్యుత్ మోటారే తోడ్పడును గావున వానిలో ఈ నూనెయే యుండదు.

సామగ్రి. పెక్కు బండ్లకు డెక్స్‌రాన్ రకపు ఎఱ్ఱని ఏ.టి.ఎఫ్. నూనె వాడుదురు, అయినను బండితో వచ్చిన పుస్తకమును, డబ్బా మూతపైని వ్రాతను చదివినగాని కొనరాదు. కడుగుటకును నింపుటకును కలిపి 2 లీటర్లు సామాన్యముగా సరిపోవును. పెద్ద సిరంజి, గరాటు, పటకారు, జాకీ, రెండు స్టాండ్లు, ఖాళీ డబ్బా సమకూర్చుకొనుడు. పురుగుమందు కొలిచిన పాత్రలను దీనికి ముట్టరాదు. బ్రేకు నూనె ఎన్నడును పోయరాదు. అది స్టీరింగులోని రబ్బరు సీళ్లను పాడుచేయును.

పనిచేయు క్రమము. ఇంజను చల్లారిన పిమ్మట బండిని చదునైన నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ముందుభాగమును జాకీతో ఎత్తి స్టాండ్లపై నిలుపుడు. జాకీని మాత్రమే నమ్మి పనిచేయుట ప్రాణాపాయకరము. సిరంజితో డబ్బాలోని పాత నూనెను తోడివేయుడు. డబ్బాకు రెండు గొట్టము లుండును: సాధారణముగా లావైనది పంపునకు నూనె నిచ్చునది, సన్ననిది నూనెను తిరిగి తెచ్చునది. ఈ సన్నని గొట్టపు క్లిప్పును పటకారుతో వదలించి, దాని కొనను ఖాళీ డబ్బాలో ఉంచి, నూనెడబ్బాకున్న ఆ రంధ్రమును బిగువైన మూతతో మూయుడు.

పిమ్మట క్రొత్త నూనెతో డబ్బాను నింపి, ఇంజను నడపక, స్టీరింగు తాళము విడునంతవరకే తాళపుచెవి త్రిప్పి, ఇంకొకరిచేత స్టీరింగును ఈ కొననుండి ఆ కొనకు మెల్లగా త్రిప్పించుడు. గొట్టమునుండి మొదట నల్లని నూనె, తరువాత గోధుమవన్నె నూనె, తుదకు తేటయైన ఎఱ్ఱని ధార వెలువడును. ఈలోపల డబ్బాలో నూనె అడుగంటకుండ పోయుచునే యుండవలయును, లేనిచో గాలి చొరబడును. ఎఱ్ఱని ధార కనబడినంతనే గొట్టమును యథాస్థానమున బిగించి, సూచించిన గీతవరకు నింపి, బుడగలు వచ్చుట మానువఱకు మరి పది యిరువది మార్లు స్టీరింగును త్రిప్పించుడు.

అప్పుడు బండిని నేలకు దించి ఇంజను నడపుడు. చక్రమును రెండు కొనలకును త్రిప్పి చూడుడు. కాని కొనయందు 5 సెకండ్లకు మించి అదిమిపట్టరాదు, పంపు మిక్కిలి వేడెక్కును. నూనె నురుగుగా తెల్లబడినచో లోన గాలి మిగిలినదని యెఱిగి, ఇంజను ఆపి, నురుగు అణగిన తరువాత మరల త్రిప్పుడు. గొట్టపు కీలు చెమ్మగిలుచున్నదేమో వ్రేలితో తడిమి చూచి, నూనె మట్టమును సరిచేయుడు. నూనె తరచు తగ్గుచున్నచో ఎక్కడనో కారుచున్నదనియే యర్థము. పోయుచు పోవుట కాక మెకానిక్కునకు చూపించుట యుక్తము.

పాత నూనె. దీనిని చేనిగట్టునను, కాలువలోను పారబోయకుడు. మూతగల డబ్బాలో పోసి, పేరు వ్రాసి, పిల్లలకు అందనిచోట నుంచి, వాడిన నూనె సేకరించు వర్క్‌షాపునకు అప్పగించుడు. యార్డులో మంచి ధర రాబట్టుకొనుటకై నేలను చెఱచుట కర్షకునకు తగదు.

తుదకు, విత్తిన తేదీలు వ్రాసికొను పుస్తకముననే ఈ దినమును, మీటరుపైని కిలోమీటర్లను గుర్తించుకొనుడు. టిక్కీలు ఎత్తు ప్రతి ఉదయము ఆ డబ్బా గీతపై ఒక చూపు నిలిపినచో, కట్టమీది మలుపున మీ చేయి తడబడదు.