ఎత్తు మీద కారు వెనక్కి జారుతుంటే?

ప్రశ్న: ఎత్తు మీద ఆపితే కారు వెనక్కి జారుతోంది. క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోతోంది. డ్రైవింగ్ టెస్టు గట్టెక్కేదెలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కొత్తవారిలో చాలామందికి ఉండే చిక్కే ఇది. ఎత్తు మీద ఆగిన బండిని వెనక్కి జారకుండా కదిలించడం టెస్టులో భాగమని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి.

కిటుకంతా హాఫ్ క్లచ్‌లో ఉంది.

హ్యాండ్ బ్రేక్ వేసి, ఫస్ట్ గేరులో యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కుతూ క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజిన్ చప్పుడు బరువెక్కి, బానెట్ కాస్త లేచినట్టు అనిపించగానే ఎడమ పాదం అక్కడే నిలపాలి; హాఫ్ క్లచ్ అంటే అదే. హ్యాండ్ బ్రేక్ దించాల్సింది అప్పుడే.

లర్నింగ్ లైసెన్స్ వచ్చిన 30 రోజులకు గానీ టెస్టు ఉండదు. ఆలోగా చదునైన ఖాళీ స్థలంలో సాధన చేయాలి. కాజీపేట బ్రిడ్జి లాంటి రద్దీ ఎత్తు మీద తొలి ప్రయత్నం వద్దు. పక్కన లైసెన్స్ ఉన్నవారు, కారుకు ‘ఎల్’ బోర్డు తప్పనిసరి.