పాప ఉగ్గుగిన్నెలోకి మిద్దెతోట ఆకుకూర: ఎండాకాలంలో ఎలా పెంచాలి, ఏ పూట కోయాలి

మొన్నటి వీడియో చూసినవాళ్ళు చాలామంది ఒకటే అడిగారు, "అన్నా, పాపకి తినిపించిన ఆకుకూర ఏంటి? మిద్దె మీద పండింది అంత చిన్నపిల్లలకి పెట్టొచ్చా?" అని. పెట్టొచ్చు. కాకపోతే దాని మీద ఏం చల్లాం, ఏ పూట కోశాం, కోసిన ఎంతసేపట్లో వండాం అనేవి చూసుకుని పెట్టాలి. వీడియోలో పాప గోల మధ్య ఇవన్నీ చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

మాది సైదాబాద్. పాత ఇల్లు, పైన మిద్దె ఆరువందల చదరపు అడుగులు ఉంటుందేమో. యాచారం దిక్కు కొంచెం పొలం ఉంది. ఆ కూరగాయలు, నారు, మట్టి మిశ్రమం అమ్ముకోవడమే మా బతుకుదెరువు. మామూలుగా వారంలో నాలుగు రోజులు పొలం దగ్గరే ఉంటా. ఈ ఎండాకాలం మాత్రం పని తగ్గించుకుని ఇంటి పట్టున ఉన్నా, పాపకి ఏడో నెల మరి. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరున్నరకి ఇంటిల్లిపాదీ మిద్దె మీదే. మా ఆవిడ బెండకాయలు తెంపుతుంది, అమ్మ బచ్చలి తీగ సవరిస్తుంది, పాప చాప మీద కూర్చుని అందిన ఆకునల్లా నలుపుతుంది. పక్కింటి ఖాలా గోడ మీంచే పుదీనా అడిగి తీసుకుంటారు, మా గిన్నె ఖాళీగా తిరిగి వచ్చింది ఎప్పుడూ లేదు. ఇంత హాయిగా ఉన్న వేసవి మాకు ఇదే మొదటిది. అందులోనే ఒక పొరపాటు జరిగింది. ముందు అది చెప్తాను.

ఏప్రిల్ చివర్లో పాపకి కొంచెం జలుబు చేసింది. అమ్మ పొద్దున్నే మిద్దెక్కి నాలుగు వాము ఆకులు తెంపి, కడిగి, నలిపి, అర చెంచా రసం పట్టింది. మన ఇళ్ళల్లో తరతరాలుగా చేసేదే. ముందురోజు సాయంత్రం నేను కుండీలన్నిటికీ జీవామృతం పిచికారీ చేశాను. వాము మొక్కక్కూడా. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు, ఎందుకంటే అది మందు కాదు కదా అన్న ధీమా.

ఆ రాత్రి నుంచి పాపకి విరేచనాలు. డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాం. తల్లిపాలు ఆపకండి అన్నారు, ఓఆర్ఎస్, జింక్ రాశారు. ఏం పెట్టారని అడిగితే అమ్మ ఆకు రసం సంగతి చెప్పింది. "ఆకుల మీద ఏం కొడతారు?" అన్నారాయన. "ఏం లేదు సార్, మాది మొత్తం నేచురల్" అన్నాను. బండి దగ్గరికి వచ్చాక అమ్మ అడిగింది, "నిన్న పొద్దూకి గా డ్రమ్ముల నీళ్ళు వాము చెట్టుకు గూడ కొట్టినవా బిడ్డా?" నా దగ్గర జవాబు లేదు. దాని వల్లే అయిందని నేను చెప్పలేను, ఎండాకాలం విరేచనాలకి కారణాలు చాలా ఉంటాయి. కాదని కూడా చెప్పలేను. పాప మూడో రోజుకి తేరుకుంది. అగ్రికల్చర్ డిప్లొమా చదివి, పదిమందికి జీవామృతం నేర్పేవాణ్ని, నా పాప తినే ఆకు గురించి ఆ లెక్క నేనే వేసుకోలేదు.

లెక్క ఏంటంటే ఇది. పాలేకర్ గారి పద్ధతిలో 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి వేసి 48 గంటలు పులియబెడతాం. సూక్ష్మజీవులు పెరగాలనే బెల్లం, పిండి వేస్తున్నాం. పేడలో మేలు చేసేవే ఉండవు, ఈ.కోలి లాంటివీ ఉంటాయి. ఈ ద్రావణాన్ని ఎక్కడా కాచడం, ఉడికించడం లేదు. అంటే ఆకు మీద కొట్టినప్పుడు పచ్చి పేడ నీళ్ళు కొట్టినట్టే లెక్క. అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో అయితే పచ్చి పేడ వేసిన నేలలో, తినే భాగం మట్టికి తగిలే పంటైతే కోతకి 120 రోజుల ముందు, తగలని పంటైతే 90 రోజుల ముందు వేయడం ఆపేయాలని రాసి ఉంది. మన తోటకూర 25, 30 రోజుల్లో కోతకొస్తుంది. ఇక ఆ గడువు ఎక్కడ కుదురుతుంది చెప్పండి?

ఇది రాస్తే మనవాళ్ళే కొందరు కోప్పడతారని తెలుసు. జీవామృతాన్ని నేను మానలేదు, మానమని చెప్పను కూడా. వరికి, పళ్ళ మొక్కలకి, పొలంలో పారుదల నీటితో ఇచ్చేదానికి దాని విలువ నాకు తెలుసు. ఉడికించి తినే పెద్దవాళ్ళకి భయపడాల్సినంత లేదు. పచ్చిగా నలిపి ఏడు నెలల పిల్ల నోట్లో పోసేదానికి మాత్రం వేరే నియమం కావాలి.

మేము ఇప్పుడు చేస్తున్నది ఇది. పాప కోసం ఆరు కుండీలు వేరుగా పెట్టి వాటికి ఎర్ర రంగు పూశాం, వీడియోలో చూసే ఉంటారు. వాటిలో విత్తే ముందే బాగా మాగిన కంపోస్టు కలిపేస్తాం. మాగిన అంటే నల్లగా పొడిపొడిగా ఉంటే చాలదు, కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి రోజుల తరబడి నిలిచి, తిరగేసి మళ్ళీ వేడెక్కినదై ఉండాలి. నేను ఇనుప చువ్వ థర్మామీటర్ పెట్టి చూస్తా. ఆ తర్వాత కోసేదాకా నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వం. మిగతా కుండీలకి జీవామృతం మొదట్లోనే, మల్చింగ్ కింద, మగ్గుతో పోస్తాం. ఆకుకూరల మీద పిచికారీ బంద్. మిద్దె మీదకి 20 లీటర్లు చాలు: కిలో పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పిండి. పోసేటప్పుడు ఒకటికి పది నీళ్ళు కలపండి. ఇక పచ్చి ఆకు రసం పాపకి పట్టడం పూర్తిగా మానేశాం. అమ్మ రెండు రోజులు అలిగింది, తర్వాత ఆమే ఆ ఎర్ర కుండీలకి కాపలా.

ఏ పూట కోయాలి

ఆకుకూర తెల్లవారుజామునే కోయాలని మనం అందరం చెప్తాం. అమ్మేదానికి అదే సరైనది, వాడిపోకుండా నిలుస్తుంది. పాప కోసం మాత్రం నేను సాయంత్రం నాలుగు, అయిదింటికి కోస్తున్నా. తోటకూర, పాలకూర నేల నుంచి నత్రజనిని నైట్రేట్ రూపంలో లాగి ఆకులో దాచుకుంటాయి. వెలుతురు ఉన్నప్పుడు ఆకు దాన్ని ప్రోటీన్‌గా మార్చుకుంటూ పోతుంది. రాత్రంతా ఆ పని మందగిస్తుంది కాబట్టి పొద్దున్నే నైట్రేట్ ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. ఆకు కంటే కాడలో ఎక్కువ ఉంటుంది. అందుకే పాపకి లేత ఆకు మాత్రమే వేస్తాం, కాడలు మా పప్పులోకి. ఇంకోటి, ఎరువు ఎక్కువేస్తే నైట్రేట్ కూడా పెరుగుతుంది, అది కంపోస్టైనా సరే. ముదురు పచ్చగా నిగనిగలాడే ఆకు చూసి మురిసిపోకండి.

నైట్రేట్ కంటే దాని నుంచి పుట్టే నైట్రైట్‌తో పసిపిల్లలకి ఇబ్బంది, రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిస్తుంది. వండిన ఆకుకూర వేడి వంటింట్లో గంటల తరబడి ఉంటే బ్యాక్టీరియా చేసే పని ఇదే. మే నెలలో మన వంటిల్లు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాబట్టి కోసిన వెంటనే వండటం, వండిన వెంటనే పెట్టడం, మిగిలితే మనం తినేయడం. మధ్యాహ్నం చేసింది రాత్రికి వేడిచేసి పెట్టొద్దు. ఆకుకూర రోజూ కూడా వద్దు, మేము వారానికి మూడుసార్లు పెడుతున్నాం, మిగతా రోజులు సొరకాయ, గుమ్మడి, అరటిపండు.

పెసరపప్పు, బియ్యం మెత్తగా ఉడికించి, చివర్లో గుప్పెడు తోటకూర ఆకు వేసి మరో అయిదు నిమిషాలు ఉడికించి, మెదిపి, చెంచా నెయ్యి, రెండు చుక్కల నిమ్మరసం. ఆరు నెలల తర్వాత పిల్లలకి తల్లిపాలలోని ఇనుము చాలదు. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ నిమ్మరసం సాయం చేస్తుంది. ఏడాది లోపు ఉప్పు, పంచదార వద్దంటారు పిల్లల డాక్టర్లు. తేనె అసలే వద్దు, మన సొంత తేనెపెట్టెలో తీసిందైనా సరే. ఆరు నెలలు నిండని పిల్లలకి ఇంత ఎండలో కూడా తల్లిపాలే చాలు, నీళ్ళు కూడా పట్టక్కర్లేదు.

ఈ ఎండలో ఏం పండుతుంది

తోటకూరకి ఎండ అంటే ఇష్టం, మొక్కజొన్న, చెరకు జాతి కిరణజన్య సంయోగక్రియ దానిది. 40 దాటినా తట్టుకుంటుంది. బచ్చలి, గోంగూర, బెండ, సొర, గోరుచిక్కుడు కూడా నడుస్తాయి. పాలకూర ఈ రోజుల్లో పూతకి వెళ్ళిపోతుంది, దానితో కుస్తీ పట్టకండి. టమాటా మొక్క బతుకుతుంది గానీ పగలు 35 దాటాక పూత రాలుతుంది. మందులు కొట్టినా నిలవదు, డబ్బు పోతుంది.

50 శాతం షేడ్ నెట్ పడమర వైపు తప్పనిసరి. పైన మొత్తం కప్పేస్తే వెలుతురు తగ్గి ఆ నైట్రేట్ సంగతే మళ్ళీ వస్తుంది, అందుకే నేను మధ్యాహ్నం మాత్రమే లాగుతా. కుండీలు నేరుగా స్లాబ్ మీద పెట్టొద్దు, రెండు ఇటుకలు వేయండి, సిమెంటు రాత్రి పదింటిదాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఏసీ నీళ్ళు పోయొచ్చు. ఆర్వో వదిలేసిన నీళ్ళు వద్దు, ఉప్పు పేరుకుంటుంది. పాపకి సున్నిపిండితో పోసిన స్నానం నీళ్ళు మల్లె, గులాబీలకి పోతాయి, తినేవాటికి కాదు.

పాకే పిల్లలున్న ఇంట్లో ఒక విషయం గట్టిగా చెప్పాలి. వేపనూనె సీసా అందకుండా తాళం వేసి పెట్టండి. అది మొక్కలకి మంచిదే, పసిపిల్లల కడుపులోకి పోతే ఫిట్స్, మెదడు దెబ్బతినడం దాకా వెళ్ళిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. జలుబుకో పురుగులకో రెండు చుక్కలు పట్టడం అనే అలవాటు ఉంటే ఇవాళే మానండి. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, దశపర్ణిలో ఉమ్మెత్త, గన్నేరు వేసేవాళ్ళున్నారు. ఇవి మిద్దె మీద తయారు చేయడం నేను మానేశాను, పొలం దగ్గరే. జీవామృతం డ్రమ్ముకి, నీళ్ళ బకెట్‌కి బిగించే మూత ఉండాలి. బకెట్ అడుగున జానెడు నీళ్ళున్నా పసిపిల్లకి ప్రమాదమే. మూత లేకపోతే దోమలు కూడా.

వీడియోలో పాప మట్టి తినబోతే లాగేశాను కదా, దానికి ఒకరు "మట్టి తింటే రోగనిరోధక శక్తి వస్తుంది" అన్నారు. మా కుండీల్లో పేడ ఎరువు, వేపపిండి ఉన్నాయండి. ఆడుకోవడానికి ఒక టబ్బులో కడిగి ఆరబెట్టిన ఇసుక పోసి ఇచ్చాం. ఇప్పుడు దాని చుట్టూనే మా సాయంత్రాలు, బంగినపల్లి టెంకలు కూడా అందులోనే నాటుతోంది మా ఆవిడ.

రోహిణి కార్తె అయ్యేలోపు ఎర్ర కుండీల్లో రెండో విడత తోటకూర విత్తుతా. మృగశిర చినుకులు పడ్డాక పాలకూర. కంపోస్టు వేడి చూసే పద్ధతి చాలామంది అడిగారు, ఆ చువ్వ థర్మామీటర్ ఎలా గుచ్చాలో వచ్చే వీడియోలో చూపిస్తాను. మీ ఇంట్లో ఏడాదిలోపు పిల్లలుంటే ఏ ఆకుకూర పెడుతున్నారో, మీ కుండీలకి ఏం వేస్తున్నారో రాయండి.