చూపు వెంబడి నిధి
ప్రశ్న: ‘మాస్కరేడ్’ బొమ్మల పుస్తకమున నిధి జాడ యెట్లు దాగెను?

జవాబు: 1979లో ఆంగ్ల చిత్రకారుడు కిట్ విలియమ్స్ స్వర్ణశశకము నొకదానిని భూమిలో పాతి, దాని జాడను ఆ పుస్తకమందలి 15 చిత్రములలో నిక్షేపించెను. చిత్రమందలి ప్రాణుల కంటినుండి చేతి యన్నిటికంటె పొడవైన వ్రేలి మీదుగను, కాలి బొటనవ్రేలి మీదుగను గీత సాగించినచో, అది చుట్టునున్న యంచుపై నొక్కొక్క యక్షరమును తాకును. అట్లు లభించిన పదములను, పదబంధములను వరుసగా నిలిపి, వాని తొలి యక్షరములను మాత్రము కూర్చినచో ‘ఆంప్‌తిల్ చెంత’ అను నర్థముగల ఆంగ్లవాక్య మేర్పడును. ఆ పదములే సూచించునట్లు, అచటి కేథరిన్ రాణి స్మారకశిలువ నీడకొన, విషువద్దినమున మధ్యాహ్నవేళ సోకు తావే నిధిస్థానము.

కావున, ఆకృతులలో నక్షరముల నమర్చు బంధకవిత్వమును విప్పునపుడు వలెనే, మొదట అక్షరముల స్థానమును గుర్తింపుడు. అర్థమును పిదప వెదకుడు.