చెట్టే కలుపయితే!

కలుపు అనగానే గడ్డి గుర్తుకొస్తుంది కదూ? నీడనిచ్చే చెట్టు కూడా కలుపు కాగలదు. ఆస్ట్రేలియాలోని 'డెజర్ట్ యాష్' అందుకు ఉదాహరణ.

దీని స్వస్థలం దక్షిణ ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా. మన మల్లె కుటుంబానికి చెందినదే. నీడకోసం ఆస్ట్రేలియా వీధుల్లో, తోటల్లో నాటారు. దీని కాయకు ఒక రెక్క ఉంటుంది. గాలికి ఎగిరి, వాగునీటిలో కొట్టుకుపోయి, ఊరి పక్కనున్న రక్షిత వనాలకు చేరుతుంది. వాగు ఒడ్డున గుబురుగా పెరిగి, స్థానిక మొక్కలను ఎదగనివ్వదు. పెద్ద చెట్టును నరికితే మోడు మళ్ళీ చిగురిస్తుంది. లేత మొక్కనైతే వేరుతో పీకివేయవచ్చు. అందుకే దానిని ముందుగా గుర్తించాలి.

ఎలా గుర్తించాలి? పేరు చూసి మోసపోకండి. ఆస్ట్రేలియా సొంత చెట్టయిన 'మౌంటెన్ యాష్' నిజానికి యూకలిప్టస్! అసలైన యాష్‌కు వేపవలె సంయుక్త పత్రాలుంటాయి. అయితే వేప ఆకులు కొమ్మపై ఏకాంతరంగా వస్తాయి. యాష్ ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా, ఒక్కోసారి మూడేసిగా ఉంటాయి. డెజర్ట్ యాష్ మొగ్గలు గోధుమరంగు. యూరోపియన్ యాష్ మొగ్గలు నలుపు. 'బాక్స్ ఎల్డర్' అనే మరో విదేశీ చెట్టుకూ ఎదురెదురు సంయుక్త పత్రాలే. కాని దాని రెక్కల కాయలు జంటగా ఉంటాయి.

ఏది ఆకు, ఏది పత్రకం? కొమ్మకు అంటిన చోట, తొడిమ పైన మొగ్గ ఉంటే అది ఆకు. పత్రకం మొదట్లో మొగ్గ ఉండదు.

చేసి చూడండి: ఒక వేప కొమ్మ, ఒక జామ కొమ్మ తీసుకోండి. ఆకు మొదట్లో మొగ్గను వెతకండి. దేనిలో ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి? దేనిలో సంయుక్త పత్రాలున్నాయి? బొమ్మలు గీసి రాయండి.