కంప్యూటరుకు జ్ఞాపకశక్తి కొనబోతున్నారా?

పిల్లలూ! మీ ఇంట్లోనో, మీ బడిలోనో కొత్త కంప్యూటరు కొనే రోజు వచ్చిందనుకోండి. విడి భాగాలు తెచ్చుకొని సొంతంగా బిగించుకునేవాళ్లు ఈ రోజుల్లో చాలామందే ఉన్నారు. ప్రాసెసర్ ఏది, మదర్‌బోర్డు ఏది అని గంటలకొద్దీ చర్చిస్తారు. ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం “ఎన్ని జీబీ?” అన్న ఒక్క ప్రశ్నతో సరిపెడతారు. నేనూ అలాగే చేశాను. ఏమైందో ముందు చెబుతాను.

2025 వేసవిలో మా చిలకలూరిపేట బడిలో చదువుకొని వెళ్లినవాళ్లు కొందరు చందాలు వేసుకొని, సైన్సు గదిలో ఒక కంప్యూటరు పెట్టమని డబ్బు ఇచ్చారు. గుంటూరు బస్సెక్కి భాగాలన్నీ కొనుక్కొచ్చాను. జూన్‌లో బడి తెరిచాక తొమ్మిదో తరగతి పిల్లల ఎదుటే బిగించడం మొదలుపెట్టాను. అన్నీ కుదిరాయి గాని ర్యామ్ పలక స్లాట్‌లోకి దిగడం లేదు. రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కబోతుండగా ముందు బల్లమీది అమ్మాయి లేచి, “మాస్టారూ, నొక్కకండి! పలకకు ఉన్న గంటు ఒకచోట ఉంది, స్లాట్‌లో మిట్ట ఇంకోచోట ఉంది” అంది. చూస్తే నిజమే! నేను తెచ్చింది డి.డి.ఆర్.4 రకం. మా బోర్డుకు కావలసింది డి.డి.ఆర్.5. ఇంకాస్త బలం పెట్టి ఉంటే పదిమంది చందాడబ్బుతో కొన్న బోర్డు పాడయ్యేది. మర్నాడు సెలవు పెట్టి మళ్లీ గుంటూరు బస్సెక్కాను.

సరే, అసలు ఈ ర్యామ్ పలకలో ఏముంటుంది?

పలకమీద కనబడే నల్లని చిప్‌లలో లెక్కకందనన్ని చిన్న అరలు ఉంటాయి. ఒక్కొక్క అరలో ఒక కెపాసిటర్, దానికి తలుపులాగా ఒక ట్రాన్సిస్టర్. కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉంటే 1, లేకపోతే 0. ఇంతే సంగతి. ఈ ఆలోచన ఐ.బి.ఎమ్. సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌ది. దానికి 1968లో పేటెంటు లభించింది. 1970లో ఇంటెల్ కంపెనీ ఆవేశాన్ని దాచే జ్ఞాపకంతో 1103 అనే చిప్‌ను అమ్మకానికి తెచ్చింది. అందులో ఉన్నవి 1,024 అరలు మాత్రమే.

ఈ కెపాసిటర్ చిల్లు కుండ వంటిది. నింపిన ఆవేశం కారిపోతూనే ఉంటుంది. కాబట్టి ప్రతి అరనూ 64 మిల్లీ సెకన్లలోపే ఒకసారి చదివి, మళ్లీ నింపాలి. అంటే సెకనుకు పదిహేను సార్లకు పైగా! మీరు సినిమా చూస్తున్నా, లెక్కలు చేస్తున్నా లోపల ఈ నింపుడు పని ఆగదు. కరెంటు పోతే నింపేవాడు లేడు, జ్ఞాపకమూ లేదు. మీరు దాచుకోని పాఠం మాయమయ్యేది ఇందువల్లనే. ఇంకొక సంగతి: వేడి పెరిగితే కారడం కూడా పెరుగుతుంది. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే రెట్టింపు తరచుగా నింపాల్సి వస్తుంది. మన జిల్లాలోని రెంటచింతల ఎండలు ఆంధ్రదేశమంతటికీ తెలిసినవే గదా! అందుచేత పల్నాడులో కంప్యూటరు పెట్టెలోకి గాలి బాగా ఆడేలా చూసుకోవడం వేడుక కోసం కాదు.

పూర్వపు కంప్యూటర్లలో ఈ బాధ లేదు. 1969లో ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో టి.డి.సి.-12 అనే కంప్యూటరును రూపొందించారు. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. దాన్ని తయారుచేసింది. అందులో జ్ఞాపకం సన్నని తీగలకు గుచ్చిన చిట్టి అయస్కాంత ఉంగరాలది. కరెంటు పోయినా ఉంగరం మరచిపోదు. కాని అందులో పట్టేవి 12 బిట్ల మాటలు 4,096. అంటే మొత్తం 49,152 బిట్లు. ఇప్పుడు మా బడి కంప్యూటరులో ఉన్న 16 జీబీని బిట్లలోకి మార్చితే 13,743 కోట్లకు పైన వస్తుంది. దాదాపు 28 లక్షల రెట్లు!

ఇక కొనే విషయానికి వద్దాం. మొదట చూడవలసింది రకం. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 రెండింటికీ 288 పిన్నులే ఉంటాయి, పొడవూ ఒకటే. అందుకే నేను మోసపోయాను. గంటు స్థానం మాత్రం వేరు. ఒకటి 1.2 వోల్టులతో, రెండోది 1.1 వోల్టులతో పనిచేస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి ఎన్నటికీ కుదరదు. ఏది కావాలో మదర్‌బోర్డు నిర్ణయిస్తుంది. ఎ.ఎమ్.డి. వారి ఎ.ఎమ్.5 సాకెట్ బోర్డులకు డి.డి.ఆర్.5 తప్ప మరొకటి పనికిరాదు. ఇంటెల్ 12, 13, 14వ తరాల ప్రాసెసర్లకు రెండు రకాల బోర్డులూ ఉన్నాయి కనుక బోర్డు అట్టపెట్టెమీద చదివి తీరాలి. ల్యాప్‌టాప్ పలకలు పొట్టివి, బల్లమీది కంప్యూటరుకు అవి పట్టవు. బోర్డు తయారీదారు తాను పరీక్షించి చూసిన ర్యామ్‌ల జాబితా ఇస్తాడు. బయలుదేరేముందు ఆ జాబితాలోంచి రెండు మూడు పేర్లు కాగితంమీద రాసుకోండి. నేను రాసుకోలేదు.

తరువాత పరిమాణం. చదువుకూ, ఇంటి పనులకూ 16 జీబీ చాలు. పెద్ద పెద్ద వీడియోలు కూర్చేవారికి 32 కావాలి. చాలకపోతే ఏమవుతుంది? కంప్యూటరు ఆగిపోదు. పట్టనిదాన్ని డిస్కుమీదికి తోసి, కావలసినప్పుడు తెచ్చుకుంటుంది. కాని ఎస్.ఎస్.డి. నుంచి తేవడానికి ర్యామ్‌కంటే సుమారు వెయ్యి రెట్ల కాలం పడుతుంది. పాత హార్డ్‌డిస్కు అయితే లక్ష రెట్లు. “కంప్యూటరు నత్తలా నడుస్తోంది” అని విసుక్కునేవారి ఇళ్లలో చాలాసార్లు జరుగుతున్నది ఇదే.

16 జీబీ అనుకున్నాం. ఒకే పలక కొనాలా, ఎనిమిదేసి జీబీల పలకలు రెండు కొనాలా? రెండు కొనండి. శివరాత్రినాడు కోటప్పకొండమీద దర్శనానికి ఒకే వరస ఉంటే ఎంతసేపు పడుతుందో, రెండు వరసలుంటే ఎంత తగ్గుతుందో ఆలోచించండి. ప్రాసెసర్ నుంచి జ్ఞాపకానికి రెండు దారులు ఉంటాయి. రెండు పలకలు ఉంటేనే రెండు దారులూ నిండుగా నడుస్తాయి. వేరే గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసరే బొమ్మలు గీసే కంప్యూటర్లలో ఈ తేడా కంటికి కనబడుతుంది. జతగా ఒకే పెట్టెలో అమ్మేవి తీసుకోండి. విడివిడిగా కొన్నవి కలిసి పనిచేస్తాయన్న పూచీ లేదు.

అయితే రెండు కొంటే సరిపోదు, సరైన చోట పెట్టాలి. నేను రెండింటినీ పక్కపక్క స్లాట్లలో గుచ్చాను. చూడడానికి ముచ్చటగానే ఉంది గాని, రెండూ ఒకే దారిమీద పడ్డాయి! నాలుగు స్లాట్లున్న చాలా బోర్డుల్లో, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదానిలో, నాలుగోదానిలో పెట్టాలి.

ఇప్పుడు అందరినీ తికమక పెట్టే అంకెలు. పెట్టెమీద “డి.డి.ఆర్.5-6000, సి.ఎల్.30” అని ఉంటుంది. 6000 అంటే సెకనుకు 600 కోట్ల విడతలు. విడతకు 8 బైట్లు. హెచ్చించండి: సెకనుకు 48 జీబీ. ఇది దారి వెడల్పు. సి.ఎల్. అంటే, అడిగిన తరువాత మొదటి జవాబు రావడానికి ఎన్ని గడియార టిక్కులు ఆగాలో చెప్పే అంకె. టిక్కుకు రెండు విడతలు జరుగుతాయి కాబట్టి, సి.ఎల్.‌ను 2000తో హెచ్చించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానో సెకన్లలో వస్తుంది.

30 × 2000 ÷ 6000 = 10 నానో సెకన్లు.

డి.డి.ఆర్.4-3200, సి.ఎల్.16కు కూడా చేసి చూడండి. అదీ 10 వస్తుంది! 16 చిన్న అంకె, 30 పెద్ద అంకె అని భయపడనక్కర్లేదన్నమాట. అన్నట్టు, 10 నానో సెకన్లలో కాంతి పోగలిగే దూరం 3 మీటర్లే. దాదాపు మీ తరగతి నల్లబల్ల ఈ కొసనుంచి ఆ కొసకు.

ఇంతా చూసి 6000 వేగం కొన్నానా, మూడు నెలలపాటు అది 4800తోనే నడిచింది. పలకలో ఒక చిట్టి చిప్ తన వివరాలన్నీ బోర్డుకు చెబుతుంది. కాని బోర్డు జాగ్రత్తకోసం ప్రామాణిక వేగంతోనే మొదలుపెడుతుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో గాని, ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్.ఎమ్.పి. గాని ఆన్ చేస్తేనే పెట్టెమీది వేగం వస్తుంది. దీన్నీ, స్లాట్ల పొరపాటునూ కనిపెట్టింది మళ్లీ ఆ అమ్మాయే. టాస్క్ మేనేజర్‌లో వేగం అంకె చదివి, “మనం కొన్నది 6000 గదా మాస్టారూ?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

రంగు దీపాలు వెలిగే ర్యామ్‌లకు నేను ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను. దీపాలు జ్ఞాపకాన్ని పెంచవు. పైన ఎత్తైన రేకులుంటే ప్రాసెసర్ ఫ్యానుకు తగులుతాయి కూడా. ఆ డబ్బు దాచుకోండి. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ యంత్రాలకోసం జ్ఞాపకం చిప్‌లకు గిరాకీ పెరిగి, మేము కొన్నలాంటి పలకల ధర రెట్టింపు దాటింది.

బిగించేటప్పుడు స్థిర విద్యుత్తుతో జాగ్రత్త. మన పేట స్పిన్నింగు మిల్లుల్లోకి వెళ్లినవాళ్లు గాలిలో తేమ చిమ్మడం చూసే ఉంటారు. గాలి పొడిగా ఉంటే దూది రాపిడికి ఆవేశం పుట్టి, పోగులు అంటుకుంటాయి, తెగుతాయి. అదే ఆవేశం మన ఒంటిమీదా చేరుతుంది. చురుక్కుమని మనకు తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. చిప్ చావడానికి అందులో పదోవంతు కూడా చాలవచ్చు. కాబట్టి ముందు పెట్టె ఇనుప చట్రాన్ని చేత్తో తాకి, పలకను అంచులు పట్టుకొని తీయండి. బంగారు పూత పిన్నులను ముట్టుకోవద్దు.

బిగించాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 వంటి పరీక్ష నడపండి. ఒక్క తప్పు చూపించినా రశీదుతో సహా మర్నాడే కొట్టుకు వెళ్లండి.

ఇదిగో మీకొక లెక్క. ఒక కొట్టులో డి.డి.ఆర్.5-5600, సి.ఎల్.46 పలక ఉంది. మీ అన్నయ్య పాత కంప్యూటరులో డి.డి.ఆర్.4-3200, సి.ఎల్.16 ఉంది. మొదటి జవాబు ఏది ముందు ఇస్తుంది? సెకనులో ఎక్కువ సరుకు ఏది మోస్తుంది?