పద్యం ముట్టుకోవద్దంటున్నారు మా గురువుగారు

ప్రశ్న: మాది రేపల్లె. డిగ్రీ రెండో సంవత్సరం. పాత రికార్డులు విని రాయబారం, కాటిసీను పద్యాలు పాడతాను. మా ఊళ్లో వన్స్‌మోర్ కొడుతున్నారు. తెనాలిలో ఒక గురువుగారి దగ్గర చేరితే, ఏడాదిపాటు పద్యం ముట్టుకోకుండా సరళీ స్వరాలు సాధన చెయ్యమన్నారు. చదువు మానేసి నాటక సమాజంలో చేరిపోనా?

జవాబు: గురువుగారి మాట వినండి. రికార్డు విని నేర్చుకుంటే పద్యంతోపాటు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ అక్షరం మీద రాగం లాగాలో కూడా అరువుగానే వస్తాయి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. పాదం అయిపోయినా మాట అయిపోదు, సగం కింది పాదంలోకి జారుతుంది. పాదం చివర ఆలాపన ఎత్తుకుంటే ఆ మాట రెండు ముక్కలవుతుంది. సీసం ఇంకా కష్టం. నాలుగు పెద్ద పాదాలు దాటాక ఎత్తుగీతిలోగాని కవి చాలాసార్లు అసలు మాట చెప్పడు. దమ్మంతా మొదటి రెండు పాదాలకే ఖర్చుపెట్టినవాడు అక్కడికొచ్చేసరికి పొడిపొడిగా ముగిస్తాడు. స్వరజ్ఞానం ఉంటే అర్థాన్ని బట్టి రాగాన్ని కుదించుకోవచ్చు, పెంచుకోవచ్చు. అయితే ఏడాదిపాటు పద్యాన్ని పూర్తిగా దూరం పెట్టడం నాకు సమ్మతం కాదు. పాడవద్దు సరే, రోజూ ఒక పద్యానికి అన్వయం చెప్పుకుని వచనంలా పైకి చదవండి.

రాగం కన్నా మాట ఎంత ముఖ్యమో ఆడవేషాల నటుడు స్థానం నరసింహారావుగారిని చూస్తే తెలుస్తుంది. ఆయన 1902లో బాపట్లలో పుట్టారు. హరిశ్చంద్రలో చంద్రమతి వేషధారి రాకపోతే ఆ వేషం కట్టి రంగస్థలం ఎక్కారు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి సత్యభామగా, చిత్రాంగిగా పేరు తెచ్చుకున్నారు. కన్యాశుల్కంలో మధురవాణిగానూ మెప్పించారు. అది ప్రధానంగా వచన నాటకం, రాగం లాగి చప్పట్లు రాబట్టుకునే చోటు కాదు. మాట పలకడం చేతకాకపోతే మధురవాణి నిలబడదు. 1956లో పద్మశ్రీ అందుకున్న ఆ నటుడి బలం గొంతు ఒక్కటే అయితే ఆ పాత్ర ఆయనకు లొంగేది కాదు.

జనం వన్స్‌మోర్ కొట్టేది రాగానికే కదా అంటారేమో. నిజమే, ఆ ముచ్చట తప్పని నేననను. తెనాలి దగ్గర సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్యగారు ఈలతో పద్యం పాడితే జనం పరవశించిపోయేవారు. కానీ ఆయన ముందు కృష్ణ వేషధారి, ఆ తర్వాతే ఈలపాట. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు సీన్లు పంచుకునే నాటకాల్లో ఒకరి తర్వాత ఒకరు అదే ఆలాపన చేస్తే ప్రేక్షకుడికి ఎవరు గుర్తుంటారు?

చదువు మానకండి. జర్మనీ ఒపెరా హౌస్‌ల్లో గాయకులను నెలజీతం మీద పెట్టుకుంటారు. మన దగ్గర సాధారణంగా ఆటకింత అని ఇస్తారు, ఆ ఆటలూ ఉత్సవాలను బట్టే. కొత్తవారికి మొదట దక్కేది చిన్న వేషం, నాలుగు పద్యాలు. వాటితో ఇల్లు గడవదు. రేపల్లె నుంచి తెనాలికి రైలుంది, డిగ్రీ చదువుతూనే వెళ్లి రావచ్చు. ఇంకొక్క మాట. పాత రికార్డుల్లోని శ్రుతికి మీ గొంతును ఈడ్చకండి. మైకు లేని రోజుల్లో చివరి వరసకు వినిపించాలని ఆనాటి నటులు ఎత్తిన శ్రుతులవి. మీకు హాయిగా పలికేదేదో గురువుగారినే చూసి చెప్పమనండి.